విమానం ఛార్జీకి టముకు

మస్కట్ విమానం ఛార్జీ ఎంతో మా ఊరి జనానికి తెలిసింది పత్రికల వల్ల కాదు, టముకు వల్ల. ఎనభైల నడిమి సంవత్సరాల్లో యానాంలో పత్రిక కొని చదివే ఇళ్లు తక్కువ. టముకు వినని ఇల్లు లేదు. ఇంటిపన్ను గడువు, కుళాయి నీళ్లు రాని రోజు, టీకాలు వేసే చోటు, గోదావరి వరద హెచ్చరిక అన్నీ డప్పు మీదే వచ్చేవి. సంత దగ్గర ఒకసారి, ఫరంపేట మలుపులో ఒకసారి, అగ్రహారంలో ఒకసారి, ఆఖరున దరియాలతిప్పలో ఒకసారి. ప్రతిచోటా మూడు దెబ్బలు, ఆ తర్వాత ఒకే మొదటి వాక్యం: "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా..."

టముకు వేసే ఆయన నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఫరంపేటలో ఉండేవారు. ఫ్రెంచివాళ్ల కాలంలో ఆయన తండ్రిది ఇదే పని. ఈయన ఊళ్లోని ఒక సర్కారు ఆఫీసులో రోజుకూలీ మీద పదకొండేళ్లుగా ఉన్నారు. నేను చెప్పబోయే ఏడాది ఆయన ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే ఫైలు కదిలింది. యానాం పాండిచ్చేరి పాలన కింద ఉంది కనుక అది అక్కడికి వెళ్లి సంతకంతో తిరిగి రావాలి. ఆ మధ్యలో ఆయన మీద ఏ రిమార్కూ పడకూడదు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పారు.

ఆయనకు చదువు రాదు. జ్ఞాపకశక్తి మాత్రం అసాధారణం. చర్చిలో కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా ఒక్క చరణం తప్పకుండా పాడేవారు. చాటవలసిన కాగితాన్ని ఎవరైనా ఒక్కసారి నిదానంగా చదివితే చాలు, నాలుగు వీధుల్లోనూ అక్షరం పొల్లుపోకుండా అప్పగించేవారు. ఆఫీసు గుమాస్తాలు వెక్కిరిస్తూ చదువుతారని, మధ్యాహ్నం బెల్లు వేళకు మా హైస్కూలుకు వచ్చి నా చేత చదివించుకునేవారు. నేను సైన్సు చెప్పేవాణ్ణి. ఆయన్ను మీరు అని పిలిచేవాణ్ణి. సంఘసంస్కరణ సభల్లో నేర్చుకున్నవాటిలో నేను నిక్కచ్చిగా పాటించినవి కొన్నే. వాటిలో అదొకటి.

"నన్ను మీరు మీరు అనకండి మేస్టారండి," అనేవారు ఆయన. "ఎనకాల ఎవరన్నా పెద్దమనిషి నించున్నాడేమోనని మాటిమాటికీ చూసుకోవాల్సొత్తంది."

ఆయనకు సొంతంగా పెట్టుకున్న ఒక నియమం ఉండేది. ఆఫీసు వాళ్లు ఇచ్చిన ఖాకీ చొక్కా ఒకటి ఉంది. ప్రభుత్వం చాటింపు అయితే ఆ చొక్కా వేసుకునేవారు. తప్పిపోయిన గేదె, కొత్తగా తెరిచిన బట్టలకొట్టు, నాటకం వంటి ప్రైవేటు చాటింపులు వచ్చినప్పుడు చొక్కా విప్పి, మడిచి భుజాన వేసుకుని, బనీనుతో వేసేవారు. రోజుకూలీ ఎటూ చాలదు కనుక ప్రైవేటు చాటింపులకు ఆఫీసు అడ్డు చెప్పలేదు. చొక్కా ఉంటే సర్కారు మాట, లేకపోతే షావుకారు మాట. ఆయన దృష్టిలో ఇంతకన్నా స్పష్టమైన ఏర్పాటు మరొకటి లేదు. లోపమల్లా ఒకటే. జనం టముకును ఇంట్లో కూర్చుని వింటారు. పొయ్యి ముందు ఉన్న మనిషికి, వల అల్లుకుంటున్న మనిషికి డప్పు వినిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, "ఇందుమూలంగా" వినిపిస్తుంది. చొక్కా వినిపించదు.

గల్ఫు దేశాలకు వెళ్లేవాళ్లు అప్పుడప్పుడే పెరుగుతున్నారు. కాకినాడలో ఒకతను ట్రావెల్సు తెరిచాడు. తెల్ల సఫారీ, సెంటు, చేతిలో తోలుసంచి. మంగళవారం సంత రోజున మా ఊరొచ్చి, ఒక ఎరువుల కొట్టు అరుగు మీద బల్ల వేసుకుని కూర్చునేవాడు. ఒక వారం కరపత్రాలు తెచ్చాడు. పంచిపెట్టిన కరపత్రాల్లో ఎక్కువ భాగం పకోడీల పొట్లాలుగా మారడం చూసి, టముకు వేయించాలన్న ఆలోచన అతనికి వచ్చి ఉంటుంది.

ఆ మధ్యాహ్నం టముకు ఆయన ఆ కరపత్రం పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. నా చేతిలో సుద్దముక్క ఉంది, తర్వాతి పీరియడుకు బోర్డు మీద కటకం బొమ్మ గీస్తున్నాను. ఎడమచేత్తో కాగితం పట్టుకుని చదివాను. పైన విమానం బొమ్మ. దాని కింద పెద్ద అక్షరాలు: బొంబాయి నుండి మస్కట్, టిక్కెట్టు పద్దెనిమిది వందల రూపాయలు మాత్రమే, సంప్రదించవలసిన చోటు, వేళలు. అడుగున చీమల బారులాగా మరో మూడు వరుసలున్నాయి. బెల్లు కొట్టారు. కాగితం మడిచి ఇచ్చేశాను.

"అంతేనాండి?" అని అడిగారు.

"అంతే."

ఆయన చొక్కా విప్పి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికి మస్కట్ ఛార్జీ పద్దెనిమిది వందలని యానాం మొత్తానికి తెలిసింది. ప్రభుత్వం ఖరారు చేసిన ధర అని కూడా తెలిసింది. ఆ రెండో ముక్క ఎవరూ చెప్పలేదు, జనమే కలుపుకున్నారు.

వాళ్లను తెలివితక్కువవాళ్లని అనలేను. ఆ రోజుల్లో దేశంలో విమానాలు నడిపేది ప్రభుత్వం, వాటి ఛార్జీలు నిర్ణయించేది ప్రభుత్వం. బయటిదేశాల విమానాల ఛార్జీలకు సైతం ప్రభుత్వాల ఆమోదముద్ర కావాలి. జనం పొరపాటులో సగం నిజం ఉంది. మిగతా సగమే ప్రమాదకరం. ఆమోదించిన ధర వేరు, ప్రకటించే ధర వేరు, చివరికి జేబులోంచి తీయించే ధర వేరు. ఈ మూడింటి మధ్యనున్న ఖాళీలోనే ట్రావెల్సు వ్యాపారం బతికేది. ఆ ఖాళీని కాగితం మీద ఎంత పెద్ద అక్షరాలతో చూపాలన్న నిబంధన ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

పై మంగళవారం మా స్కూలు ఆయా నా దగ్గరకు వచ్చింది. అగ్రహారం మనిషి. ఆమె ఆడపడుచు మస్కట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది, ఆవిడ ద్వారా ఈమెకూ వీసా వచ్చింది. వీసాకు గడువుంది. పద్దెనిమిది వందలు సర్దుకుని ఎరువుల కొట్టు అరుగు దగ్గరకు వెళితే ట్రావెల్సు అతను మరో ఏడెనిమిది వందలు అడిగాడట. విదేశీ ప్రయాణ పన్ను వేరు, రుసుములు వేరు, ఆ ధరకు ఉన్న కాసిని సీట్లూ అయిపోయాయి.

"టముకేసి చెప్పిన రేటు మార్చడానికి ఈడెవడండీ?" అంది ఆయా. అరుగు దగ్గర అరిచిన అరుపుకు గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఇదేవన్నా వంకాయలా, పొద్దున్న ఓ రేటు సాయంత్రం ఓ రేటు? గవర్నమెంటు డప్పు మీద చెప్పేరా లేదా అన్నాను. నవ్వుతాడండి! మా చుట్టూ ఇరవైమంది పోగయ్యేరు. అందరిదీ అదే మాట."

"గవర్నమెంటు చెప్పలేదమ్మా. అతను డబ్బిచ్చి చెప్పించాడు."

"మరి డప్పు గవర్నమెంటుదే కదండి?"

జవాబు లేనప్పుడు నేను సాధారణంగా చేసే పనే ఆ రాత్రీ చేశాను. వ్యాసం రాశాను. కాకపోతే ఈసారి దాన్ని పిటిషను అన్నాను.

మూడు పేజీలు. తప్పుదోవ పట్టించే వ్యాపార ప్రకటనల మీద కేంద్ర ప్రభుత్వం అప్పటికి కొద్దికాలం కిందటే చట్టంలో కొత్త నిబంధనలు చేర్చింది. అవన్నీ ఉదహరించాను. ధర చెప్పడమంటే మాట ఇవ్వడం అని రాశాను. పన్నులతో సహా మొత్తం ఎంతో చెప్పని ఛార్జీ ప్రకటన, అమృతం అని పేరుపెట్టి అమ్మే మంత్రించిన నీళ్లకన్నా మెరుగైనదేమీ కాదన్నాను. నాకు బాగా నచ్చిన వాక్యం రెండో పేజీలో ఉంది: "ప్రభుత్వ శాసనాలను చాటవలసిన డప్పును ఒక ప్రైవేటు వ్యాపారి అబద్ధానికి అద్దెకివ్వడం ప్రజల విశ్వాసాన్ని అద్దెకివ్వడమే." ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఒక ప్రతి ఊళ్లోని ఆఫీసుకు ఇచ్చి, ఒకటి ఢిల్లీకి రిజిస్టరు పోస్టులో పంపాను.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బెల్లు వేళకు టముకు ఆయన వచ్చారు. మామూలుగా చాటింపు కాగితాన్ని గొట్టంలా చుట్టి తెచ్చేవారు. ఆ రోజు మడతపెట్టిన కవరు. ఇంగ్లీషులో టైపు చేసిన మెమో.

"చదవండి మేస్టారు. ఇది చాటేది కాదంట. నాకేనంట."

చదివాను. ప్రభుత్వ పని నిమిత్తం ఇచ్చిన డప్పును ప్రైవేటు వ్యాపారికి ఉపయోగించి, విమాన ఛార్జీ గురించి అసంపూర్ణమైన సమాచారం చాటి, ప్రజలను తప్పుదోవ పట్టించినందుకు క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో పది రోజుల తర్వాత జరిగే విచారణలో చెప్పుకోవాలి. అందాకా పర్మనెంటు ఫైలును పక్కన పెట్టడమైనది. మెమో నడుమ, కొటేషన్ గుర్తుల మధ్య, నా రెండో పేజీ వాక్యం ఇంగ్లీషులో ఉంది. అనువాదం చక్కగా చేశారు.

తెలుగులో చెప్పాను. ఆయన విన్నారు. ఒకసారి వింటే చాలు కనుక మళ్లీ అడగలేదు.

"పెజల నమ్మకాన్ని అద్దెకిచ్చేనంటున్నారు. ఎవరి మాటండి ఇది?"

"నాదే. నేను పిటిషను పెట్టాను. మీ మీద కాదు, ట్రావెల్సు అతని మీద."

"మరి కాయితం నాకొచ్చిందేంటండి?"

"అతని షాపు కాకినాడలో ఉంది. మన ఆఫీసు చెయ్యి అక్కడిదాకా పోదు."

"నా దగ్గరికైతే పోతాదన్నమాట." ఆయన గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టుగా అన్నారు. మెమో మీద వేలు పెట్టి, "సగమే చెప్పేనంటున్నారు. నేనేం వదిలేసేనండి?" అన్నారు.

నా సొరుగులో ఆయా తెచ్చిచ్చిన కరపత్రాల్లో ఒకటి ఉంది. పిటిషనుతో జతచేయగా మిగిలింది. తీసి అడుగు వరుసలు చూపించాను. విదేశీ ప్రయాణ పన్ను, ఇతర రుసుములు అదనం. పరిమిత సీట్లకు మాత్రమే. షరతులు వర్తిస్తాయి.

ఆయన ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు, చదవగలిగినట్టు.

"ఇయ్యి మీరు చదవలేదండి," అన్నారు. "అంతేనా అనడిగేను. అంతే అన్నారు."

సుద్దముక్క, కటకం బొమ్మ, బెల్లు, అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. మూడు పేజీల పిటిషను రాస్తున్నప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. మనిషి జ్ఞాపకం ఎంత పక్షపాతంతో పనిచేస్తుందో నేను అంతకుముందు రెండు వ్యాసాల్లో రాశాను. ఆ రెండింటిలోనూ ఉదాహరణలు ఇతరులవే.

"అవి చాలా చిన్న అక్షరాలు," అన్నాను. ఇంతకన్నా నీరసమైన సమాధానం నా జీవితంలో ఇవ్వలేదు.

"డప్పుకి చిన్నచ్చరం, పెద్దచ్చరం ఉండవు కదండి. మీరు చదివుంటే అదీ ఇంత గట్టిగానే చెప్పేవోణ్ణి."

కవరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

విచారణకు పది రోజుల వ్యవధి ఉంది. ఆ పది రోజుల్లో నా బుర్ర చేసిన పని చెప్పుకోదగినది. నేనే చదివానని ఒప్పుకుంటే పిటిషను పరువు పోతుంది. ట్రావెల్సు అతను చంకలు గుద్దుకుంటాడు. రేపు వేలమందిని కాపాడగల నియమం ఒక సైన్సు మేస్టారి పరధ్యానం వల్ల ఆగిపోతుంది. ఒక మనిషి ఉద్యోగం ముఖ్యమా, ప్రజాప్రయోజనం ముఖ్యమా? అయినా ఆయన ఉద్యోగం పోదు, ఏడాదో రెండేళ్లో ఆలస్యం అవుతుంది, అంతే కదా. వాదించడం నేర్చిన బుర్రకు తప్పించుకునే దారులు నలుగురికన్నా ఎక్కువ కనిపిస్తాయి. మూఢనమ్మకాల మీద చర్చల్లో ఏ పూజారి వాదనలోనైనా ఇటువంటి దారి కనిపిస్తే అరనిమిషంలో మూసేసేవాణ్ణి.

మధ్యలో ఒక ఆదివారం లైబ్రరీ వసారాలో మా చర్చావేదిక సమావేశం. నెల కిందటే ఖరారైన విషయం: ప్రకటనల్లో సత్యం. వక్తను నేనే. నలభై నిమిషాలు మాట్లాడాను. ధరల ప్రకటనలను కట్టడి చేయకపోతే వ్యాపారం దొంగతనంగా మారడానికి ఎంతో కాలం పట్టదన్నాను. చప్పట్లు కొట్టారు. వసారా చివర, చెప్పులు విడిచిన చోట, టముకు ఆయన నిలబడి విన్నారు. సమావేశానికి చాటింపు వేసిందీ ఆయనే. జనం వెళ్లిపోతుండగా నా దగ్గరకు వచ్చి, "బాగా చెప్పేరండి," అన్నారు. వెటకారం ఉందేమోనని మొహంలోకి చూశాను. కనిపించలేదు. ఉండి ఉంటే ఆ రాత్రి కాస్త నిద్రపట్టేది.

విచారణ ఆఫీసు వెనక గదిలో జరిగింది. అధికారి పాండిచ్చేరి నుంచి బదిలీ మీద వచ్చినవారు, మాతృభాష తమిళం, తెలుగు ఇక్కడే నేర్చుకున్నారు. పిటిషనుదారుగా నన్నూ పిలిచారు. టముకు ఆయన ఖాకీ చొక్కా ఉతికి, గంజిపెట్టి వేసుకొచ్చారు. డప్పు కూడా తెచ్చి గోడకు ఆనించారు. సాక్ష్యంగా అడుగుతారేమో అనుకున్నారట.

అధికారి ముందు నాతో అన్నారు: "మీ పిటిషను చదివాను మేస్టారూ. చాలా బాగా రాశారు. కాకినాడ మనది కాదు. బొంబాయి మనది కాదు. మస్కట్ అసలు కాదు. మీ మూడు పేజీల్లో మనది ఏది అని వెతికాను. ఈ డప్పు ఒకటే."

తర్వాత ఆయన వైపు తిరిగి, "ఆ రోజు నువ్వు చాటింది ఇప్పుడు చెప్పు," అన్నారు.

"డప్పు కొట్టి చెప్పాలాండి?"

"వద్దు వద్దు. నోటితో."

ఆయన చేతులు కట్టుకుని మొదలుపెట్టారు. అధికారి కరపత్రం మీద వేలు పెట్టి ఒక్కో మాటా సరిచూసుకుంటూ వచ్చారు. వేళలతో సహా అన్నీ సరిపోయాయి. మూడు వరుసల ముందు ఆయన ఆగిపోయారు. వేలు కూడా ఆగింది.

"కింద మూడు లైన్లు ఉన్నాయి. ఎందుకు చెప్పలేదు? ట్రావెల్సు వాడు వద్దన్నాడా?"

"లేదండి. ఆయన కాయితం ఇచ్చి ఎల్లిపోయేడండి."

"నీకు చదువు రాదు. ఎవరు చదివారు?"

"ఎవరో చదివేరండి."

"ఎవరు?"

"గురుతు లేదండి."

ఐదారు వారాల కిందట వేసిన చాటింపును అక్షరం తప్పకుండా అప్పజెప్పిన మనిషి, అది ఎవరు చదివారో గుర్తులేదన్నారు. అధికారి నవ్వారు. గుమాస్తా నవ్వాడు. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బతిమాలుతున్నారని అనుకుని ఉండేవాణ్ణేమో, దాన్ని ఎదిరించడానికి ఏదో ఒక వాదన దొరికి ఉండేదేమో. చూడలేదు. గోడకు ఆనించిన డప్పు జారుతుంటే సర్ది నిలబెట్టారు.

"నేను చదివాను," అన్నాను.

అధికారి కలం ఆగింది. "మీరా?"

"నేనే. పెద్ద అక్షరాలు చదివి, కింది వరుసలు వదిలేసి, అంతే అని చెప్పాను. నేను చదివినంతా ఆయన చాటారు. ఆయన వదిలేసింది ఏమీ లేదు."

"అయితే మేస్టారూ, మీరు కంప్లైంటు చేసిన తప్పు మీరే చేశారా?"

"చేశాను. అందుకని వాళ్ల తప్పు ఒప్పు కాదు. ఆ మూడు వరుసలు ఎవరూ చదవకూడదనే అంత చిన్నగా వేశారు. చదువు చెప్పి బతికేవాణ్ణి, వేళకు బెల్లు కొట్టగానే నేనే వదిలేశాను. వాళ్లు అనుకున్నదే జరిగింది. పిటిషనులో నేను రాయవలసిన సాక్ష్యం అదొక్కటే. అది తప్ప అన్నీ రాశాను."

అధికారి ఫైలు తాడును వేలికి చుట్టుకున్నారు. "దీన్ని ఫైల్లో ఎలా ఎక్కించాలి?" అని గుమాస్తాను అడిగారు. గుమాస్తా రూల్సు పుస్తకం తిరగేశాడు. చివరికి ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. "ఇప్పుడు చెప్పింది రాసివ్వండి. చిన్నదిగా."

అర పేజీ రాశాను. అందులో పోలికలు, అలంకారాలు ఏవీ లేవు.

బయటికొచ్చాక టముకు ఆయన గేటు దగ్గర ఆగి, "మీకేవన్నా మాటొత్తాదేమోనండి," అన్నారు. వచ్చింది కూడా. బడి వేళల్లో బయటి కాగితాలు చదవరాదని మా హెడ్‌మాస్టరు ద్వారా ఒక తాఖీదు అందింది. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆయన మీది మెమోను మాత్రం రద్దు చేశారు. పక్కన పెట్టిన ఫైలును మళ్లీ పాండిచ్చేరి పంపారు.

ఆఫీసు ఒక నియమం కూడా పెట్టింది. డబ్బిచ్చి వేయించే చాటింపు ఏదైనా కాగితం మీద ఉండాలి, దాని మీద ఆఫీసు ముద్ర పడాలి, కాగితంలో ఉన్నదంతా చాటాలి. ధర చెబితే ఆ ధరకు తగిలించిన షరతులన్నీ చెప్పాలి. మా చిన్న ఊరు చేసిన ఛార్జీల చట్టం అది. ఢిల్లీ నుంచి నాకు అచ్చువేసిన రసీదు కార్డు ఒకటి వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు.

ట్రావెల్సు అతను కొత్త కరపత్రంతో మళ్లీ వచ్చాడు. సంతలో నేను అక్కడే ఉన్నాను. ముద్ర వేయించిన కాగితం మొత్తం చాటాలంటే కొంచెం సేపు పడుతుందని టముకు ఆయన చెప్పారు.

"అదంతా చెప్తే ఎవడొస్తాడయ్యా?" అన్నాడు అతను.

"రానోళ్లు రారండి. వచ్చినోళ్లు మీతో దెబ్బలాడరు కదండి."

"నువ్వు డప్పు కొట్టేవాడివా, నాకు సలహా ఇచ్చేవాడివా?"

"డప్పు కొట్టేవోణ్ణేనండి. ఆ పన్ను ముక్క చెప్పేటప్పుడు ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ కొడతాను, దానికి డబ్బులొద్దులెండి."

చుట్టూ ఉన్నవాళ్లు పెద్దగా నవ్వారు. అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు. కొన్నాళ్లకు మైకు కట్టిన జీపు ఒకటి తెచ్చుకున్నాడు. కాకినాడ రోడ్డు మీద, మా సరిహద్దుకు పది గజాలు అవతల, ఆంధ్రా నేల మీద జీపు ఆపి, ఇవతలి వైపు తిప్పిన మైకులో పద్దెనిమిది వందలు మాత్రమే అని చెప్పించేవాడు. మా నియమం హద్దురాయి దగ్గర ఆగిపోయింది. గొంతు ఆగలేదు. దాని మీద ఇంకో పిటిషను రాశాను. ఈసారి పేజీన్నర. జవాబు రాలేదు. ఛార్జీ ప్రకటనకు పెట్టే కట్టడి అది వినిపించే చోట ఉండాలి తప్ప అచ్చయిన చోట కాదని అప్పుడు వాదించాను. ఇప్పటికీ అదే వాదిస్తాను.

ఆయా మొదటి వీసా గడువు దాటిపోయింది. ఆడపడుచు రెండోది పంపింది. పన్నుతో సహా మొత్తం ఎంతవుతుందో ముందే రాయించుకుని, ఆ కాగితం మీద ట్రావెల్సు అతని సంతకం పెట్టించుకుని, నాలుగు నెలల తర్వాత వెళ్లింది. సంతకం పెట్టించుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పై సంవత్సరం వేసవి సెలవుల ముందు టముకు ఆయన పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఉద్యోగం అటెండరుది. అటెండరు డప్పు కొట్టడానికి వీల్లేదట, ఆర్డరులో అలాగే ఉంది. ఆఫీసు వాళ్లూ మైకు కొన్నారు, గుమాస్తా రిక్షాలో కూర్చుని అందులో చదివేవాడు. తండ్రి నాటినుంచి ఆ ఇంట్లో ఉన్న పని అలా పోయింది.

ఒక రోజు పని మీద ఆఫీసుకు వెళితే తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని కనిపించారు. కొత్త చెప్పులు వేసుకున్నారు. నన్ను చూసి లేచారు. కూర్చోమన్నాను. నాలో ఉన్న వ్యాసకర్త ఆయన మొహంలో పోయిన డప్పు తాలూకు దిగులు కోసం వెతికాడు. వెతికి, తిన్నగా అడిగేశాడు కూడా.

"డప్పు లేకపోతే తోచడం లేదా?"

"అబ్బే, అదేటండి? ఎండలో దరియాలతిప్ప దాకా ఎవడు తిరుగుతాడండి?" అన్నారు. ఆ తర్వాత కొంచెం దగ్గరగా వంగి, ఇంకా పూర్తిగా నమ్మకం కుదరని విషయం చెబుతున్నట్టు గొంతు తగ్గించారు. "మొన్న మూడ్రోజులు జొరం వచ్చి రాలేదండి. అయినా జీతం కొయ్యరంట. రాకపోయినా వచ్చినట్టేనంటండి!"

లోపల బెల్లు మోగింది. చెప్పులు విడిచి, ఫైలు అందుకోవడానికి వెళ్లారు.